జూలై 28న వాన పడితే కూలే ఇంటర్‌ప్రెటర్: రెండేళ్లు వాడాక ఆర్‌ఆర్ డీబగ్గర్ మీద నా మాట

ఆర్‌ఆర్ అంటే ప్రోగ్రాం నడకని రికార్డు చేసి, అదే నడకని మళ్లీ ఆడించి తప్పు వెతకనిచ్చే సాధనం. దాన్ని నేను వదలకపోవడానికి కారణం ఒక్కటే: ప్రోగ్రాం కూలిన చోట నిలబడి వెనక్కి నడవొచ్చు. మిగతాదంతా మనకు తెలిసిన జీడీబీయే, సి ప్రోగ్రాంలకి మామూలుగా వాడే డీబగ్గరే. మొజిల్లాలో పుట్టింది, లైనక్స్ మీదే నడుస్తుంది లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

ఈ వెనకడుగు విలువ బాగా తెలిసేది అర్రే భాషల (పట్టికల్ని మొత్తంగా ఒకేసారి లెక్కించే భాషల) ఇంటర్‌ప్రెటర్ల దగ్గర, అంటే ఆ భాషలో రాసింది చదివి నడిపే ప్రోగ్రాంల దగ్గర. ఏపీఎల్, జె తరహావి కొన్ని మెమరీని మాలాక్‌కి (సి భాషలో మెమరీ ఇచ్చే మామూలు ఫంక్షన్‌కి) వదలకుండా సొంత పూల్, అంటే సొంత మెమరీ నిల్వ, పెట్టుకుంటాయి. 1024, 2048 ఇలా రెట్టింపయ్యే బ్లాకులు, ఖాళీ అయిన బ్లాకు మొదటి 8 బైట్లలో తర్వాతి ఖాళీ బ్లాకు అడ్రసు. ఆ 8 బైట్లలో ఎవరైనా ఒక్క బిట్టు చెడగొట్టినా వెంటనే ఏమీ కాదు. చాలాసేపటికి, సంబంధం లేని చోట కూలుతుంది.

ఉదాహరణకి ఒక కేసు. ఇంటర్‌ప్రెటర్ పేరు చెప్పను, దిద్దుబాటు అయిపోయింది. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా 38 మండలాల రోజువారీ వర్షపాతం: రోజుకో వరుస, మండలానికో నిలువు వరుస. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే వాన రోజు, అంటే 1. లేకపోతే 0. ఇలాంటి పట్టికను బిట్లుగా కుదిస్తే 365 రోజులకి 13,870 బిట్లు, 1,734 బైట్లు. ముందు అర్రే వివరాలుండే 32 బైట్ల హెడర్. మొత్తం 2048 బ్లాకులో పడుతుంది. కొన్ని ఏళ్ల పట్టికలతో చక్కగా నడిచేది, కొన్నిటితో సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని కూలడం. బ్యాక్‌ట్రేస్‌లో (కూలినప్పుడు ఏది దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) ఎప్పుడూ మెమరీ ఇచ్చే ఫంక్షనే. దాన్ని పిలిచింది మాత్రం ఒకసారి సార్టింగు, ఒకసారి ప్రింటింగు. తుఫాను ఏడాది అంకెలు పెద్దవై చిన్న ఇంటీజర్ పొంగిందేమో అని మొదటి అనుమానం. అది తప్పు.

ముందు బిల్డు సంగతి. కంపైలర్‌కి ‘-ఓ0’ (ఆప్టిమైజేషన్ వద్దు), ‘-జి3’ (పూర్తి డీబగ్ సమాచారం) రెండూ పెట్టండి. ఈ జాతి సోర్సులో ఒక్క లైన్లో పది మాక్రోలు (కోడు ముక్కలకి పెట్టుకున్న పొట్టి పేర్లు) ఉంటాయి. ‘-జి3’ ఉంటే మాక్రోలు డీబగ్ సమాచారంలోకి వస్తాయి, ‘మాక్రో ఎక్స్‌పాండ్’ అంటే జీడీబీ విప్పి చూపిస్తుంది. లైను లెక్కన స్టెప్ వేయడం దండగ. ఒక్క ‘నెక్స్ట్’ కొడితే సగం ఫంక్షను దాటిపోతుంది.

తర్వాత ‘ఆర్‌ఆర్ రికార్డ్’తో ప్రోగ్రాం నడిపి, కూలాక ‘ఆర్‌ఆర్ రీప్లే’. ‘కంటిన్యూ’ కొడితే కూలిన చోట ఆగుతుంది. 1024 బ్లాకుల జాబితా మొదట్లో చెత్త అడ్రసు ఉంది. దాని మీద ‘వాచ్ -ఎల్’ (ఆ చోట విలువ మారితే ఆగమనడం) పెట్టి ‘రివర్స్-కంటిన్యూ’ (వెనక్కి నడిపించడం). అంతకుముందు జాబితా నుంచి తీసిన బ్లాకు దగ్గర ఆగింది. ఆ బ్లాకు అడ్రసు హెక్సాలో 404తో ముగుస్తోంది. 1024 బ్లాకైతే 000, 400, 800, సి00లలో ఒకదానితో ముగియాలి. మరి ఈ 4 ఎవరు పెట్టారు? ఇంకోసారి వెనక్కి వెళ్తే, ఆ వంకర అడ్రసు అంతకుముందు తీసిన బ్లాకు మొదటి 8 బైట్లలోంచి వచ్చిందని తేలింది. పాత వాచ్ తీసేసి ఆ 8 బైట్ల మీద కొత్తది పెట్టి మళ్లీ ‘రివర్స్-కంటిన్యూ’. ఈసారి ఆగింది వాన పట్టికలో వరుస రాసే ఫంక్షన్లో. మొత్తం పని ఇరవై నిమిషాలు.

ఇక్కడ కొత్తవాళ్లు రెండు చోట్ల తడబడతారు. వెనక్కి నడిచేటప్పుడు జీడీబీ చూపే ‘ఓల్డ్ వాల్యూ’ కాలక్రమంలో తర్వాతిది, ‘న్యూ వాల్యూ’ ముందుది. తలకిందులుగా చదవాలి. ఇంకోటి, హార్డ్‌వేర్ వాచ్‌లు నాలుగే, ఒక్కోటి 8 బైట్ల వరకే. పెద్ద అర్రే మొత్తం మీద పెట్టబోతే జీడీబీ ఒక్కో ఇన్‌స్ట్రక్షనూ నడిపి చూస్తుంది, తెల్లారిపోతుంది.

అసలు తప్పు ఇది. ఒక్కో వరుసకీ యూజర్ ఫంక్షన్‌ని పిలిచి, ఫలితాన్ని అదే పట్టికలో రాసే లూపు ఉంది. అది పట్టిక డేటా పాయింటర్‌ని (డేటా ఉన్న అడ్రసుని) మొదట్లో ఒక్కసారే తీసుకుంటుంది. లెక్క అందని మండలం కనబడితే యూజర్ ఫంక్షన్ అదే పట్టిక పేరుకి కొత్త విలువ ఇస్తుంది. దాంతో పాత అర్రే రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారో లెక్క) సున్నా అయి, దాని 2048 బ్లాకు పూల్‌లోకి పోయి, రెండు 1024లుగా చీలుతుంది. లూపు మాత్రం పాత పాయింటర్‌తోనే రాస్తూ పోతుంది. రెండో సగం మొదలయ్యేది 1024వ బైటు దగ్గర, హెడర్ తీసేస్తే డేటాలో 992వ బైటు, అంటే 7,936వ బిట్టు. 38తో భాగిస్తే 208 వరుసలు దాటి 32 మిగులుతుంది. లీపు కాని ఏడాదిలో 209వ రోజు జూలై 28. ఆ రోజు పట్టికలో చివరి ఆరు మండలాల్లో ఎక్కడైనా వాన పడితే, లేదా మర్నాడు మొదటి రెండింట్లో పడితే, అడ్రసు చివరి బైటు చెడుతుంది. పడకపోతే ఆ బైటుకి ఏమీ కాదు. ఇప్పటి 30 మండలాల పట్టికైతే ఆ బైటు సెప్టెంబరు 22 మీద పడుతుంది, విజయనగరం పాత 34 మండలాలదైతే ఆగస్టు 22 మీద. రెండు జిల్లాల పట్టికలూ నడిపేవాళ్లకి ఇది దయ్యం పట్టినట్టే ఉంటుంది! దిద్దుబాటు: లూపుకి ముందు కౌంట్ ఒకటి పెంచడం, అయ్యాక తగ్గించడం.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. రీప్లే మధ్యలో ఇంటర్‌ప్రెటర్ సొంత ప్రింట్ ఫంక్షన్‌ని జీడీబీ నుంచి పిలవొచ్చు. అది మెమరీలో ఏం మార్చినా ఆర్‌ఆర్ ఆ మార్పుల్ని పారేస్తుంది. అడ్రసులు కూడా ప్రతి రీప్లేలో అవే. కాగితం మీద రాసుకున్న అడ్రసు మర్నాడు పొద్దున్న కూడా పనికొస్తుంది.

ఇంత పొగిడాక ఒప్పుకోవాల్సిందొకటి ఉంది. పై తప్పుని ఆర్‌ఆర్ లేకుండానూ పట్టొచ్చు. పూల్ పక్కనబెట్టి ప్రతి అర్రేకీ నేరుగా మాలాక్, ఫ్రీ పిలిచేలా మార్చి అడ్రస్‌శానిటైజర్‌తో (మెమరీ తప్పుల్ని పట్టే కంపైలర్ సౌకర్యంతో) బిల్డు చేస్తే, విడుదలైన మెమరీలో మొదటి రాత దగ్గరే ఆపేది, వాన ఏ రోజు పడినా. పూల్ ఉన్నప్పుడు దానికి లోపలి బ్లాకులు కనబడవు, అందుకే మొదట ఏమీ చెప్పలేదు. పూల్ ఆపడానికి ఆ సోర్సులో స్విచ్ లేదు, కొంత కోడు తిరగరాయాల్సి వచ్చింది. అది చేసుకున్నాక ఆర్‌ఆర్ దాకా వెళ్లే పని సగానికి సగం తగ్గింది.

మెషీన్ సంగతీ చూసుకోవాలి. ప్రాసెసర్ కౌంటర్లు ఎవరు వాడొచ్చో చెప్పే లైనక్స్ సెట్టింగు ‘పర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్’ విలువ 1కి దించకపోతే రికార్డే మొదలవదు. ఏఎండీ జెన్ ప్రాసెసర్లకి ఆర్‌ఆర్‌తో వచ్చే సవరణ స్క్రిప్టు నడపాలి, రీబూట్ అయితే మళ్లీ నడపాలి. చవక క్లౌడ్ సర్వర్లలో హార్డ్‌వేర్ కౌంటర్లు అందవు కాబట్టి ఆశ వదులుకోండి. థ్రెడ్లన్నిటినీ ఒక్క కోర్ మీదే వంతులవారీగా నడుపుతుంది. థ్రెడ్ల మధ్య పోటీ వల్ల వచ్చే తప్పులు కొన్ని అసలు రావు, ‘కేయాస్ మోడ్’ (వంతుల్ని కావాలని కలగాపులగం చేసేది) పెడితే కొన్ని వస్తాయి. ఏవీఎక్స్-512 (ఒకేసారి చాలా అంకెల్ని లెక్కించే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు) ఉన్న మెషీన్‌లో రికార్డు చేసింది, అది లేని పాత ల్యాప్‌టాప్‌లో ఆడదు. అర్రే ఇంటర్‌ప్రెటర్లకి ఈ ఇబ్బంది తరచు తగులుతుంది. ట్రేస్ (రికార్డు చేసిన ఫైళ్లు) ఇంకొకరికి పంపాలంటే ముందు ‘ఆర్‌ఆర్ ప్యాక్’ చేయాలి. ఆపైన ఆ గిగాబైట్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద శ్రీకాకుళం నుంచి విజయనగరం పంపడం కన్నా బస్సెక్కి పెన్‌డ్రైవ్ ఇచ్చి రావడం నయం.

నా దగ్గర ఉన్నది ఇంటెల్ ల్యాప్‌టాప్, నేను చూసే ఇంటర్‌ప్రెటర్ ఒకే థ్రెడ్‌ది, సి సోర్సు చేతిలోనే ఉంది. ఇవి మూడూ కుదిరాయి కాబట్టి నాకు ఇది చాలా మంచి సాధనం. ఏఎండీ మెషీన్ అయినా, సోర్సు దొరకని ఇంటర్‌ప్రెటర్ అయినా ఈ మాట ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు.