పిల్లి గోళ్లు: కత్తిరించడమా, అరగదీయడమా, తొడుగులు వేయడమా?

పిల్లి గోళ్ల విషయంలో ఎక్కువగా వినిపించే సలహాలు నాలుగు: క్లిప్పర్‌తో కత్తిరించమనేది ఒకటి, గ్రైండర్ అనే గిర్రున తిరిగే చిన్న యంత్రంతో అరగదీయమనేది ఇంకొకటి, గోళ్లకు మెత్తని ప్లాస్టిక్ తొడుగులు వేయమని కొందరు, గీరుకునే స్తంభం పెడితే చాలని కొందరు. నా ఓటు క్లిప్పర్‌కే, అదీ చిన్న కత్తెర రకానికి.

ముందు స్తంభం సంగతి చూద్దాం, ఎక్కువమంది పొరపడేది అక్కడే. గీరుకుంటే గోరు అరిగి పొట్టిదవుతుందనుకుంటారు. నిజానికి ఊడేది పైనున్న పాత పొర. స్తంభం కింద నెలవంక ఆకారంలో బోలుగా పడి ఉండే పెచ్చులు అవే. అవి ఊడాక లోపలినుంచి ఇంకా వాడి గోరు బయటికొస్తుంది. స్తంభం అక్కర్లేదని కాదు, తప్పకుండా కావాలి. ఒళ్లు విరుచుకోవడానికీ, తన వాసన అంటించి ఇది నా చోటని చెప్పుకోవడానికీ పిల్లికి అది అవసరం. పిల్లి నిలబడి చాచుకున్నంత ఎత్తుండాలి, ఊగకూడదు. కానీ అది కత్తిరింపుకు బదులు కాదు. ముందుకాళ్లలో లోపలివైపు కాస్త పైకి ఉండే బొటనగోరు నేలకు తగలదు, అందుకే అదే ముందు పెరిగిపోతుంది. కీళ్లనొప్పులున్న ముసలి పిల్లులు గీరుకోవడం తగ్గించేస్తాయి. గోరు లావెక్కి, వంకర తిరిగి, పాదం మెత్తలోకే దిగబడిపోతుంది. పాపం, కుంటేదాకా మనకు తెలియదు.

ఇక క్లిప్పర్లు. రంధ్రంలో గోరు దూర్చి నొక్కే రకంతో ఒక ఇబ్బంది ఉంది: సరిగ్గా ఆ క్షణంలో పిల్లి కాలు లాక్కుంటే గోరు అందులో ఇరుక్కుంటుంది. మనం వాడే నెయిల్ కట్టర్ పిల్లికూనల లేత గోళ్లకు పనికొస్తుంది గానీ, పెద్ద పిల్లి గోరును నలిపి చీల్చే ప్రమాదముంది. కత్తెర రకంలో ఎక్కడ తెగుతోందో కంటికి కనిపిస్తుంది, వెంటనే వదిలేయనూ వచ్చు. బ్లేడు మొద్దుబారితే మాత్రం మార్చేయాలి.

తిని కునుకు తీసే వేళ చూసుకోండి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక్కో వేలిని మెల్లగా నొక్కితే గోరు బయటికి జారుతుంది. వెలుతురుకు పెడితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. రక్తనాళమూ నరమూ ఉన్న చోటు అది. దానికి 2 మిల్లీమీటర్ల ఇవతలే ఆగి, కొక్కెంలా వంగిన మొన ఒక్కటే తీయాలి. గోరు నల్లగా ఉండి లోపల కనిపించకపోతే మరీ కొసనే తీయండి. ఎప్పుడైనా రక్తమొస్తే కంగారు పడొద్దు. రక్తం ఆపే పౌడరు గానీ, లేకపోతే కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకోండి. అయినా ఆగకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

గ్రైండర్‌తో అంచు నున్నగా వస్తుంది, ఒక్కసారిగా లోతుగా తెగే భయం ఉండదు. కానీ ఆ శబ్దం, ఆ వణుకు చాలా పిల్లులకు పడవు. ఒకే చోట ఎక్కువసేపు ఆనిస్తే గోరు వేడెక్కుతుంది, వేళ్ల మధ్య పొడుగు బొచ్చుంటే చుట్టుకుంటుంది. మామూలుగా 18 గోళ్లు ఉంటాయి, ఒక్కోదానికీ ఇంతసేపు ఓపిక పట్టే పిల్లులు అరుదు. కూనగా ఉన్నప్పటినుంచీ అలవాటైన పిల్లికైతే సరే.

తొడుగులు జిగురుతో అంటిస్తారు, 4 నుంచి 6 వారాల్లో రాలిపోతాయి. వాటికి ముందూ గోళ్లు కత్తిరించాల్సిందే కాబట్టి ఆ పని తప్పదు. పైగా గోరు పూర్తిగా లోపలికి ముడుచుకోవడం కష్టమవుతుంది. ఇంట్లో చిన్న గీతకే గాయమయ్యేంత పలుచని చర్మం ఉన్నవాళ్లుంటే కొన్నాళ్లు వాడొచ్చు. బయట తిరిగే పిల్లికి మాత్రం వద్దే వద్దు. తరుముకొచ్చే కుక్కనుంచి చెట్టెక్కి తప్పించుకోవాలంటే దానికి ఉన్నవి గోళ్లే కదా.

గోళ్లు శాశ్వతంగా తీయించే ఆపరేషన్‌ను నేను అసలు లెక్కలోకే తీసుకోను. అందులో పోయేది గోరొక్కటే కాదు, ప్రతి వేలి చివరి ఎముకనూ కోసేస్తారు. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది.

ముందుకాళ్ల గోళ్లు రెండు మూడు వారాలకోసారి చూసుకుంటే చాలు, వెనకవి అంత త్వరగా అవసరం పడవు. తోక టపటపా కొడుతూ కాలు లాక్కుంటోందంటే ఆ రోజుకు ఆపేయండి. ఇవాళ రెండు గోళ్లే అయినా ఫర్వాలేదు, మిగతావి రేపు తీయొచ్చు.