వేసవి సెలవుల్లో కుటుంబ యాత్రా, దివ్యాంగ బాలల పాఠశాలలో సేవా?

ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసిన విద్యార్థి ముందు రెండు దారులున్నాయనుకుందాం: ఇంటిల్లిపాదితో అరకు వెళ్లడం, లేదా దివ్యాంగ బాలల పాఠశాలలో ఉపాధ్యాయులకు చేదోడుగా ఉండడం. కిరండూల్ రైలులో సొరంగాలు దాటుతూ సాగే ప్రయాణం, బొర్రా గుహలు, నాయనమ్మతో తీరిక కబుర్లు కాదనలేని ఆకర్షణలే. అయితే అక్కడ విద్యార్థి బాధ్యత సామాను మోయడంతో తీరిపోతుంది.

పాఠశాలలో ఓర్పే అసలు పని. చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని చిన్న చిన్న దశలుగా విడదీసి, మొదట చివరి దశను మాత్రమే పిల్లవాడితో చేయించి, క్రమంగా ముందరి దశలను కూడా అప్పగించే పద్ధతిని దగ్గరగా చూసినవారికి, తొందరపడి తామే గుండీ పెట్టేయడం సాయం కాదని అర్థమవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలే 21 రకాలు. ఒకరికి కుదిరిన పద్ధతి మరొకరికి కుదరకపోవచ్చు. కొత్త ముఖాలకు నెమ్మదిగా అలవాటుపడే పిల్లల దగ్గరికి నాలుగు రోజులు వచ్చి మానేసేవారు (ఫొటోల కోసం వచ్చేవారి సంగతి సరేసరి) మేలుకన్నా ఇబ్బందే ఎక్కువ చేస్తారు. కాబట్టి నెలరోజులైనా నిలకడగా రాగలిగేవారే రెండో దారి ఎంచుకోవాలి. లేకపోతే అరకే నయం. ప్రత్యేక పాఠశాలలకూ వేసవి సెలవులుండవచ్చు గనుక, ఆ తేదీలు కనుక్కున్నాకే రైలు టికెట్లు తీసుకోవడం మంచిది.