ఉప్పునీళ్ల సీసాతో తుక్కు కొట్టుకి: వ్యోమనౌక మోడళ్లకి చవక భాగాల వేట

కిట్ కొనకుండా వ్యోమనౌకని మొదటినుంచీ సొంతంగా కట్టేవాళ్లకి డబ్బు కరిగేది డొల్ల దగ్గర కాదు, దానిమీద అతికించే చిల్లర సరుకు దగ్గర. గొట్టాలు, పెట్టెలు, కవాటాలు, రెక్కల చట్రాలు అన్నిటినీ కలిపి మోడలర్లు గ్రీబ్లీలంటారు. అరవై సెంటీమీటర్ల ఓడ నిండుగా కనపడాలంటే అవి వందల్లో కావాలి. దుకాణంలో ఒక్కోటీ కొనుక్కుంటూ పోతే తెమలదు. అందుకే ఈ తిరుగుడు. ఎక్కడ ఏం దొరుకుతుంది, దేనికోసం వెళ్లడం దండగ అన్నది చూద్దాం.

ఒక్క మాట ముందే అనుకోవాలి. భాగం ధరంటే కొట్లో ఇచ్చిన డబ్బు ఒక్కటే కాదు, దాన్ని అతికించడానికీ రంగు నిలబెట్టడానికీ పట్టే తిప్పలు కూడా. ఊరికే వచ్చిన పాలీప్రొపిలీన్ మూత మీద జిగురు పట్టదు, రంగు పొలుసుల్లా లేస్తుంది. దానికన్నా డబ్బు పెట్టి కొన్న పాలీస్టైరీన్ (మోడల్ కిట్లు చేసే ప్లాస్టిక్) ముక్కే చవక.

కాబట్టి సంచిలో రెండు వెడల్పు మూతి సీసాలు ఉండాలి. ఒకదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో 100 మిల్లీలీటర్లకి 15 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు. రెండిట్లోనూ ఒక్కో చుక్క గిన్నెలు తోమే సబ్బు వేయాలి, లేకపోతే గాలిబుడగలు పట్టుకుని మునగాల్సినది కూడా తేలుతుంది. ముక్కని ముందు మామూలు నీళ్లలో వేయండి. తేలితే పాలిథీనో పాలీప్రొపిలీనో, పక్కన పెట్టేయొచ్చు. మునిగితే ఉప్పునీళ్లలోకి మార్చండి. అక్కడ తేలితే దాదాపుగా పాలీస్టైరీనో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్కో అవుతుంది, అంటే మోడల్ సిమెంటు (ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి అతికించే జిగురు) పట్టే సరుకు. అక్కడా మునిగితే నైలాన్, యాక్రిలిక్, పీవీసీ, ఎసిటాల్ లాంటివి. ఉప్పు ఎక్కువైతే నైలాన్ కూడా తేలి మోసం చేస్తుంది కాబట్టి కొలత తప్పొద్దు. ఈ పరీక్షకో లోటుంది: ఎలక్ట్రానిక్ పరికరాల డొల్లల్లో మంటని అడ్డుకునే రసాయనాలు కలుపుతారు, దాంతో ఏబీఎస్ బరువెక్కి ఉప్పునీళ్లలోనూ మునుగుతుంది. అలాంటి చోట ముక్క లోపలివైపు చూడండి, రెండు కోణం గుర్తుల మధ్య ఏబీఎస్, పీఎస్ (పాలీస్టైరీన్), పీపీ (పాలీప్రొపిలీన్), పీఓఎం (ఎసిటాల్) అని అచ్చు పోసి ఉంటుంది. సీసాలతో పాటు వెర్నియర్ కాలిపర్, స్టార్ స్క్రూడ్రైవరు, చిన్న కటింగ్ ప్లయరు, నాలుగైదు జిప్ కవర్లు చాలు.

మొదటి మజిలీ తుక్కు కొట్టు. కొత్త సరుకు కొనే కొట్లకి ముందే ఇక్కడికి రావాలి, ఎందుకంటే ఇక్కడ దొరికినదాన్ని బట్టే మిగతావి ఎంత కొనాలో తేలుతుంది. అన్నిట్లోకీ మేలైన బేరం పాత ఇంక్‌జెట్ ప్రింటరు. బయటి డొల్లలో పెద్ద పెద్ద చదును పలకలు వస్తాయి, లోపల స్టీలు కడ్డీలు, స్ప్రింగులు, గాడుల పట్టాలు, సన్నటి పక్కటెముకలున్న చట్రాలు. ఆ పక్కటెముకలని అలాగే కోసి తిరగేస్తే ఓడ పొట్ట కింద బిగించిన యంత్రాల వరసలా ఉంటుంది. పళ్లచక్రాలు చూడగానే ఆశ పుడుతుంది గానీ అవి చాలావరకు ఎసిటాల్, ఏ జిగురుకీ లొంగవు. వాటికి మధ్యలో 1 మి.మీ. రంధ్రం పెట్టి తీగ దూర్చి మేకులా బిగించడమే దారి. విప్పేటప్పుడు అడుగున ఉండే ఇంకు పీల్చే స్పాంజి జోలికి పోకండి. అది చిట్లితే ఆ రోజు ఇంకే పనీ సాగదు.

తర్వాత కీబోర్డు. ఒక్కదాంట్లో నూరుకి పైగా మీటలు, చాలావాటిలో ఏబీఎస్వే. పైన అక్షరం గీకేయక్కర్లేదు, లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పితే అడ్డుగోడలున్న చిన్న తొట్టి అవుతుంది. పాత డిస్క్ రిబ్బన్ కేబుల్ తీగలు 1.27 మి.మీ. ఎడంతో ఉంటాయి కాబట్టి విడదీయకుండా వాడితే సమాంతర గొట్టాల వరస సిద్ధం. అల్యూమినియం హీట్‌సింకులు రేడియేటర్లకి సరిగ్గా సరిపోతాయి, బరువొక్కటే ఇబ్బంది. సర్క్యూట్ బోర్డుని కోసి అతికించడం మాత్రం వద్దు. దాని దుమ్ములో గాజుపీచు ఉంటుంది, పాత టాంకాల్లో సీసం ఉంటుంది. పైగా ఎంత రంగేసినా అది సర్క్యూట్ బోర్డులాగే కనపడుతుంది.

పిక్చర్ ట్యూబు ఉండే పాత టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు, కంప్యూటర్ పవర్ సప్లైలు విప్పకండి. ప్లగ్గు తీసి చాలాసేపయినా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలవుండొచ్చు.

బేరం సంగతి. తుక్కు కొట్టువాళ్లు విలువ కట్టేది రాగికీ మోటార్లకీ బోర్డులకీ, ప్లాస్టిక్కి కాదు. అవన్నీ అక్కడే వదిలేసి డొల్ల మాత్రం పట్టుకెళ్తామంటే ధర దిగుతుంది. ముక్క లెక్కన అడిగితే మటుకు మనకేదో అవసరం ఉందని పసిగట్టేస్తారు, తూకం లెక్కనే అడగాలి.

ప్లంబింగు, కరెంటు సామాన్ల కొట్టు రెండో మజిలీ. సరుకు కొత్తదే అయినా వందల్లో ఒకే కొలతది దొరకడం ఇక్కడి గొప్ప. ఓడ లోపలి వెన్నెముకకి 20 లేదా 25 మి.మీ. పీవీసీ గొట్టం భేషుగ్గా ఉంటుంది. రెండు చివరలూ, పొట్టమీదా తెరిచి ఉంచుకుంటే మోడల్‌ని ఏ వైపునుంచైనా స్టాండుకి తగిలించుకోవచ్చు. కేబుల్ గ్లాండ్లు (పెట్టెలోకి కేబుల్ దూరేచోట బిగించే మరబిళ్లలు) తిరగేస్తే ఇంజిన్ నాజిళ్లు. రివెట్లు, వాషర్లు, ఓ రింగులు చెప్పక్కర్లేదు. చిక్కల్లా పీవీసీకి పాలీస్టైరీన్ సిమెంటు పట్టకపోవడమే. 240 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది ఎపాక్సీ వాడాలి. సూపర్ గ్లూ పట్టుకుంటుంది గానీ దెబ్బ తగిలితే పుటుక్కున ఊడుతుంది.

స్టేషనరీ, వంటింటి సరుకుకి ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు, ఇంట్లో పారేసేది పోగేస్తే చాలు. పాత సీడీ పెట్టె పారదర్శక పాలీస్టైరీన్, కిటికీలకి పనికొస్తుంది. పెళుసు కాబట్టి గీత గీసి విరవాలే తప్ప కత్తితో నొక్కకూడదు. పెరుగు కప్పుల్లో కొన్ని పాలీస్టైరీన్, కొన్ని పాలీప్రొపిలీన్. అడుగున త్రికోణంలో 6 ఉంటే తీసుకోండి, 5 ఉంటే వదిలేయండి. మాత్రల పట్టీల బుడగలు చక్కటి చిన్న గుమ్మటాలు. తెల్లటి థర్మోకోల్‌ని డొల్లకి వాడదామనుకునేవాళ్లకో హెచ్చరిక: స్ప్రే రంగు తగిలిందంటే అది కరిగి గుంటలు పడుతుంది.

వంటింటి సరుకుతో ఇంకో ప్రమాదం, గుర్తుపట్టేస్తారు. సీసా మూత అంచున ఉండే గాడులు, రేజర్ పిడి వంపు, చెంచా కాడ... చూసేవాడి కన్ను అక్కడ ఒక్కసారి ఆగిందంటే ఓడ కాస్తా చెత్తకుప్పయి కూర్చుంటుంది. తెలిసిన ఆకారాన్ని కనీసం ఒక్కచోటైనా కోసి, ఇంకో ముక్క అడ్డం పెట్టి, ఆ గీత తెగేలా చేయాలి.

పాత బొమ్మల దుకాణం మీద ఎక్కువ ఆశలు వద్దు. విరిగిన రోబోలూ బండ్లూ ఏబీఎస్ అయితే మంచిదే. మెత్తగా వంగే సైనికుల బొమ్మలు పాలిథీన్, రంగు నిలవదు. వెండిపూత ఉన్న ముక్కలని బట్టల బ్లీచులో నానబెడితే పూత వదిలిపోతుంది, కింద ఉన్న లక్కపూత వేరేగా గీకాలి.

అసలు గని పాత మోడల్ కిట్లు అమ్మే బల్ల. పెట్టె చిరిగినది, సగం భాగాలు లేనిది, ఎవరో మొదలుపెట్టి వదిలేసినది ఏదైనా పర్లేదు. మొత్తం పాలీస్టైరీనే కాబట్టి జిగురు చింత ఉండదు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ మోడళ్లకి కూడా పనివాళ్లు యుద్ధట్యాంకుల, విమానాల కిట్లు విప్పే పై వివరాలు అతికించారు. ఆ పద్ధతి ఇప్పటికీ మారలేదు. పెట్టెమీది బొమ్మ చూసి కొనకండి, స్ప్రూలు (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) చూసి కొనండి. 1/35 కొలత (అసలుదానిలో 35వ వంతు) ట్యాంకు కిట్ ముందు వరసలో ఉంటుంది. ఒక్క పాంజర్ 4 (జర్మన్ ట్యాంకు) లోనే పక్కకి ఎనిమిది జతల చొప్పున 32 చిన్న చక్రాలు వస్తాయి, వాటితో పాటు సస్పెన్షన్ చేతులు, పొగగొట్టాలు, పనిముట్ల పెట్టెలు. 1/72 విమానాల్లో ఇంజిన్లు, చక్రాల కాళ్లు మంచివి, రెక్కలు దండగ. సముద్రపు ఓడల కిట్లలో పనికొచ్చేవి విన్చిలూ (తాళ్లు చుట్టే యంత్రాలు) గాలి గొట్టాలూ. రైలు మోడళ్ల సామాన్లలో నిచ్చెనలు, కటకటాలు బాగుంటాయి గానీ 1/87 కొలత నిచ్చెన పెడితే చూసేవాడికి ఆ మెట్టే కొలబద్ద అయిపోతుంది, ఓడ ఒక్కసారిగా చిన్నదైపోతుంది. పెద్ద ఓడ అనిపించాలంటే మనిషి కొలత పట్టించే భాగాలేవీ ఉండకూడదు, ఉంటే అతి చిన్నవై ఉండాలి.

ఒకే కిట్ రెండు మూడు దొరికితే మొహమాటపడకుండా అన్నీ తీసుకోండి. కుడి ఎడమలు సరిపోవాలంటే జతలు కావాలి, ఒంటి ముక్కలతో అది కుదరదు.

ఇక సేవల సంగతి. లేజర్ కటింగు లోపలి చట్రాలకి ఎంతో మేలు, 3 మి.మీ. యాక్రిలిక్ మీద కోత వెడల్పు 0.2 మి.మీ. దాకా పోతుంది, గాడుల కొలతలో అది కలుపుకోవాలి. పీవీసీ పలక మాత్రం ఎవరు కోస్తామన్నా ఇవ్వకండి. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ యంత్రానికీ చేటు. త్రీడీ ప్రింటు చేయించేటప్పుడు తీగ కరిగించే రకంలో 0.2 మి.మీ. పొరల గీతలు రుద్దడానికే ఒక పూట పోతుంది, చిన్న భాగాలకి 0.05 మి.మీ. పొరల రెజిన్ రకం అడగండి. ఎనిమిది నాజిళ్లు కావాలంటే ఎనిమిదీ ప్రింటు చేయించడం వృథా. ఒకటి బాగా నున్నగా చేసుకుని సిలికాన్ అచ్చు తీసి, మిగతావి పాలీయురిథేన్ రెజిన్‌తో పోసుకుంటే సరి. అచ్చు సిలికాన్‌లో ప్లాటినంతో గట్టిపడేది, టిన్‌తో గట్టిపడేది అని రెండు రకాలు. ప్లాటినం రకం గంధకం ఉన్న బంకమన్ను తగిలినా, రబ్బరు తొడుగులు తగిలినా, సరిగా ఎండని రెజిన్ ప్రింటు తగిలినా గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. అలాంటి చోట టిన్ రకమే నయం.

తెచ్చిన సరుకుని ఆ సాయంత్రమే గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి, అచ్చు నూనె ఉంటే ప్రైమరు నిలవదు. ఏ కొట్లో దొరికిందన్న లెక్కన కాకుండా ఆకారాన్ని బట్టి డబ్బాల్లో సర్దండి: గుండ్రటివి, పొడుగువి, పెట్టెలు, పక్కటెముకలవి. సిమెంటు పట్టనివాటికి వేరే డబ్బా, దానిమీద ఎర్ర చీటీ. ట్యాంకు కిట్లలో వచ్చే మెత్తటి వినైల్ పట్టాలూ టైర్లూ మాత్రం విడిగా కవర్లో కట్టిపెట్టాలి. వాటిలోని ప్లాస్టిసైజర్ (మెత్తదనం కోసం కలిపే రసాయనం) నెలల తరబడి ఊరి, పక్కన తగిలే పాలీస్టైరీన్ చక్రాలని మెల్లగా కరిగించేస్తుంది.