పాల లెక్కలు, ఎక్సెల్ షీట్లు, పోస్ట్‌గ్రెస్: ఏళ్ల వాడకం తర్వాత ‘కాపీ’ ఆదేశం గురించి

పాడి రైతుల పాల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఊళ్లలోని సేకరణ కేంద్రాల నుంచి వివరాలన్నీ ఎక్సెల్ షీట్లుగానే వస్తాయి. ఎవరు పోశారు, ఏ పూట, ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. అసలు లెక్క మాత్రం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటుంది. పదిహేను రోజులకోసారి బిల్లు వేశాక బ్యాంకుకు పంపాల్సిన జాబితా మళ్లీ షీటుగానే బయటకు రావాలి. ఈ రాకపోకలకు రకరకాల దారులు వాడి చూశాను. చివరికి ఫైలులోని వరుసలను టేబుల్‌లోకి ఎక్కించే, టేబుల్ నుంచి ఫైలులోకి తీసే, పోస్ట్‌గ్రెస్‌లోనే ఉన్న ‘కాపీ’ ఆదేశం దగ్గర, అసలు టేబుల్ కంటే ముందు వరుసలు దిగే ఒక స్టేజింగ్ టేబుల్ దగ్గర స్థిరపడ్డాను. ఇందులో లోపాలు లేకపోలేదు. అయినా రైతు డబ్బుతో ముడిపడిన లెక్కకు ఇంతకంటే నమ్మదగిన దారి నాకు కనిపించలేదు.

నమ్మకానికి కారణం ఒక్కటే: కాపీ దేన్నీ ఊహించదు. బొమ్మల తెరతో వచ్చే దిగుమతి ఉపకరణాలు చాలా వరకు ఫైలులోని మొదటి కొన్ని వరుసలు చూసి ‘ఇది సంఖ్య, ఇది తేదీ’ అని తామే తేల్చేస్తాయి. మొదటి వంద సభ్యత్వ సంఖ్యలు అంకెలతోనే ఉండి, ఆ తర్వాత ‘45/ఎ’ అని ఒకటి వస్తే వాటి అంచనా తప్పుతుంది. పైగా ‘0072’ను 72గా మార్చేసి ఊరుకుంటాయి. అలా మార్చినట్టు ఎక్కడా చెప్పవు. కాపీ అలా చేయదు. టేబుల్‌లో కాలమ్ ఏ రకమని మీరు రాశారో అదే రకంగా తీసుకుంటుంది, కుదరకపోతే ఆగిపోయి ఏ వరుసలో, ఏ కాలమ్‌లో ఆగిందో చెబుతుంది.

అందుకే నా స్టేజింగ్ టేబుల్‌లో షీటు నుంచి వచ్చే ప్రతి కాలమూ టెక్స్ట్ రకమే. తేదీ అయినా, లీటర్లయినా, ఖాతా నంబరైనా మొదట అక్షరాలుగానే లోపలికి వస్తుంది. వీటికి తోడు ఫైలు పేరుకు ఒక కాలమ్, దానంతట అదే పెరిగే వరుస సంఖ్యకు ఒక కాలమ్ ఉంటాయి. రకం మార్చడం, సరిచూడటం, అసలు టేబుల్‌లోకి ఎక్కించడం ఆ తర్వాత డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో జరుగుతాయి. ఏడాది తర్వాత ఎవరైనా ‘ఈ అంకె ఎక్కడిది’ అని అడిగితే ఏ ఫైలు, ఎన్నో వరుస అని చూపించగలుగుతాను.

ఇక అసలు ప్రమాదం డేటాబేస్‌కు చేరేముందే, షీటును సీఎస్‌వీగా, అంటే విలువల మధ్య కామాలుండే సాదా టెక్స్ట్ ఫైలుగా భద్రపరిచే చోట ఉంది. ఎక్సెల్ సీఎస్‌వీలోకి రాసేది గడిలో దాచుకున్న విలువను కాదు, తెర మీద కనిపించే రూపాన్ని. వెన్న 4.25 అని కొట్టినా, ఆ కాలమ్‌ను ఒక దశాంశ స్థానానికి కుదించి ఉంటే ఫైలులో 4.3 అని పడుతుంది. వెన్నను బట్టే పాల ధర కట్టే చోట ఇది చిన్న విషయం కాదు. ఒక పూట, ఒక గేదె పాలకు అయితే పైసల్లో ఉంటుంది కానీ, ఊరంతటి పదిహేను రోజుల బిల్లులో అది రూపాయలై నిలుస్తుంది. ఎక్సెల్ లాంటి షీట్లను తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రాఫీస్‌లో ఈ పని ఎంతో మేలు. ‘గడిలో కనిపించినట్టే భద్రపరచు’ అన్న గుర్తు తీసేస్తే పూర్తి విలువ బయటకు వస్తుంది. కమాండు లైను నుంచి కూడా మార్చుకోవచ్చు. వేరుపరిచే కామాకు 44, కోట్ గుర్తుకు 34, తెలుగుతో సహా అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతికి 76 అని సంఖ్యలు ఇవ్వాలి. ఎనిమిదో స్థానంలో ఈ ‘కనిపించినట్టే’ను వద్దని చెప్పాలి. చెప్పకపోతే అక్కడా కనిపించిందే రాస్తుంది. ఇప్పుడు మా దగ్గర సీఎస్‌వీగా మార్చడానికి ఎవరూ షీటును చేత్తో తెరవరు.

ఖాతా నంబర్లది ఇంకా పెద్ద సమస్య. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెల వరకే నిలుపుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నా చేస్తుంది. మన బ్యాంకుల్లో కొన్నింటి ఖాతా నంబర్లకు పదహారు అంకెలుంటాయి. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టకుండా నంబరు కొడితే చివరి అంకె అప్పుడే పోతుంది. తర్వాత ఏ డేటాబేసూ దాన్ని వెనక్కి తేలేదు. పదకొండు అంకెలు దాటిన సంఖ్యను మామూలు గడి ‘3.12ఇ+15’ లాంటి రూపంలో చూపిస్తుంది, సీఎస్‌వీలోకి కూడా అదే వెళుతుంది. అందుకే ఖాతా కాలమ్‌లో ‘ఇ+’ కనిపించిన వరుసనూ, పదహారంకెల నంబరు సున్నాతో ముగిసిన వరుసనూ నేను పక్కకు తీసి, పాస్‌బుక్కు చూసి సరిచేయమని అడుగుతాను. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సులువు. పదకొండు గుర్తులు, మొదటి నాలుగు అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. ఆ సున్నా చోట ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అక్షరాల నమూనాను సరిచూసే ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ దాన్ని పట్టేస్తుంది.

ఇవి చిన్న కార్యాలయాల ఇబ్బందులే అనుకోనక్కర్లేదు. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కొవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి సమయానికి రాలేదు. 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలు నిండిపోవడమే కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి. కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి కానీ దానికీ హద్దు ఉంది. అదే 2020లో మనిషి జన్యువులకు పేర్లు పెట్టే సంఘం ‘మార్చ్1’ను ‘మార్చ్ఎఫ్1’ అని, ‘సెప్ట్1’ను ‘సెప్టిన్1’ అని మార్చింది. షీటు ఆ పేర్లను తేదీలుగా మార్చేస్తుండటం అందుకు ఒక కారణం. తమంతట తాముగా జరిగే ఈ మార్పులను ఆపుకునే వీలు ఎక్సెల్‌లో 2023లో వచ్చింది. ఆ అమరికను ప్రతి కేంద్రంలోని కంప్యూటర్‌లోనూ చూసి పెట్టించడం మంచిది.

తేదీల సంగతికి వస్తే, పోస్ట్‌గ్రెస్‌లో ‘డేట్‌స్టైల్’ అమరిక నెల ముందు అన్న పద్ధతిలో ఉంటే 13/04/2024ను తప్పని తిప్పికొడుతుంది. 05/04/2024ను మాత్రం మే 4గా మౌనంగా తీసుకుంటుంది. మనం రాసేది ఏప్రిల్ 5. ఆ మౌనమే ప్రమాదం. నేను అమరిక మీద ఆధారపడను, రోజు, నెల, సంవత్సరం అని రూపం చెప్పి మరీ మారుస్తాను. కొన్ని షీట్లలో తేదీ బదులు 45000 లాంటి అంకె వస్తుంది. అది ఎక్సెల్ లోపలి తేదీ లెక్క. 1899 డిసెంబర్ 30కి అన్ని రోజులు కలిపితే అసలు తేదీ దొరుకుతుంది. 45000 అంటే 2023 మార్చి 15. 1900 సంవత్సరంలో లేని ఫిబ్రవరి 29ని లోటస్ 1-2-3 అనే పాత షీటు ప్రోగ్రాం లెక్కలో వేసుకుంది. దానితో పొంతన కుదరాలని ఎక్సెల్ కూడా అలాగే ఉంచింది. అందుకే మొదలు డిసెంబర్ 31 కాకుండా 30 అయింది. ఇక ‘1,25,000’ అని మన పద్ధతిలో లక్షల కామాలతో వచ్చే మొత్తాలను, రకం మార్చేముందు కామాలు తీసేస్తే సరిపోతుంది.

తెలుగు పేర్ల గురించి ఎక్కడా పెద్దగా రాయరు కనుక కొంచెం ఎక్కువ చెబుతాను. యూటీఎఫ్-8లో ఉన్న తెలుగు సీఎస్‌వీని, అది యూటీఎఫ్-8 అని చెప్పే, ఫైలు మొదట ఉండే గుర్తు లేకుండా, ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే పేర్లు పోయి, నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఎ’, పక్కనే డిగ్రీ గుర్తు వరుసగా కనిపిస్తాయి. అది చూసి డేటాబేస్ పాడైందని చాలామంది కంగారు పడతారు. ఏమీ పాడవలేదు, తెరిచిన పద్ధతే తప్పు. అలా తెరిచి, అదే ఫైలును తిరిగి భద్రపరిస్తే మాత్రం నిజంగానే పాడవుతుంది. అంతకంటే సూక్ష్మమైనది పొల్లు తర్వాత వచ్చే, పక్క అక్షరం వత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు. ‘రమేష్‌బాబు’ అన్న పేరును ఒక కీబోర్డు ఆ గుర్తుతో రాస్తుంది, మరొకటి అది లేకుండా రాస్తుంది. చాలా ఫాంట్లలో ‘ష్బా’ అని వత్తుగా మారి తేడా తెలుస్తుంది కానీ, పేరు చివర పొల్లు తర్వాత పడిన గుర్తు కంటికి అసలు ఆనదు. డేటాబేస్‌కు మాత్రం అవి రెండు పేర్లు, ఇద్దరు మనుషులు. ఐత్వం గుర్తును కూడా యూనికోడ్‌లో ఒకే ముక్కగానూ, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. ఇలాంటి రెండు రూపాలను ఒకటిగా చేయడానికి పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ‘నార్మలైజ్’ ఫంక్షన్ ఉంది. నేను పేరును వచ్చినట్టే ఒక కాలమ్‌లో ఉంచి, పోల్చడానికి మాత్రం ఆ గుర్తు తీసి, నార్మలైజ్ చేసిన రూపాన్ని వేరే కాలమ్‌లో పెడతాను. మనిషి పేరును నా సౌకర్యం కోసం మార్చే హక్కు నాకు లేదు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన షీట్లు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి. వాటిని ముందుగా మార్పిడి ఉపకరణంలో వేయాల్సిందే, కాపీ ఏమీ చేయలేదు.

కాపీకి ఉన్న ఇబ్బందులు కూడా చెప్పాలి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలును అది నేరుగా చదవలేదు. సర్వర్‌లో నడిచే కాపీ సర్వర్ మీది ఫైలునే చూస్తుంది, దానికి ప్రత్యేక హక్కులు కావాలి. మన కంప్యూటర్‌లోని ఫైలు ఎక్కించాలంటే పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రాంలో బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కాపీ వాడాలి. ఈ తేడా కొత్తవాళ్లను చాలా తికమక పెడుతుంది. షీటులో ఎవరో కాలమ్‌ల వరుస మారిస్తే పాత కాపీ గుర్తించలేకపోయేది. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి శీర్షికలు టేబుల్‌తో సరిపోవాలని అడిగే వీలు వచ్చింది, నేను అది లేకుండా ఏ ఫైలూ ఎక్కించను. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో తప్పు వరుసలను వదిలేసి ముందుకు పోయే ఎంపిక చేర్చారు. వాతావరణ కొలతలకో, వెబ్ లాగ్‌లకో అది బాగుంటుందేమో. బిల్లులకు వాడవద్దని గట్టిగా చెబుతాను. వదిలేసిన ఆ వరుస ఎవరో ఒకరి ఒక పూట పాలు.

ఖాళీ గడి విషయంలో కాపీ తీరు నాకు బాగా నచ్చింది. సీఎస్‌వీలో కోట్‌లు లేని ఖాళీని నల్‌గా, ఖాళీ కోట్‌లను ఖాళీ పదంగా వేరుగా తీసుకుంటుంది. పాల లెక్కలో సున్నా లీటర్లు అంటే రైతు ఆ పూట పోయలేదని, నల్ అంటే రాయలేదని అర్థం. రెండోదానికి కేంద్రానికి ఫోను చేయాలి. కాబట్టి ఖాళీలన్నింటినీ సున్నాలతో నింపే ఏ ఉపకరణాన్నీ నా పనిలోకి రానివ్వను.

షీటు అడుగున ఉండే ‘మొత్తం’ వరుసను ముందే తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను తీయించను. స్టేజింగ్ టేబుల్ అంతా టెక్స్ట్ కనుక అదీ లోపలికి వస్తుంది. మిగతా వరుసల లీటర్లను డేటాబేస్‌లో కూడి, కేంద్రం వాళ్లు వేసిన మొత్తంతో పోలుస్తాను. రెండూ కలిస్తేనే, ఒకే ట్రాన్సాక్షన్‌లో (ఎక్కితే అన్ని వరుసలూ, లేకపోతే ఒక్కటీ కాదు), అసలు టేబుల్‌లోకి ఎక్కుతాయి. అదే షీటు రెండోసారి వచ్చినా రైతు, తేదీ, పూట కలిపిన కీ ఉంది కనుక, 9.5 వెర్షన్ నుంచి ఉన్న ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్’తో పాత వరుసే సవరణ అవుతుంది, లెక్క రెట్టింపు కాదు.

బయటకు తీసేటప్పుడు సీఎస్‌వీని రెండుసార్లు నొక్కి తెరిచే అలవాటు మాన్పించడమే కష్టమైన పని. డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకుని, 65001 అన్న యూటీఎఫ్-8 ఎంపిక చేసి, ఖాతా కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. చూడటానికే అయితే, చదివే హక్కు మాత్రమే ఉన్న వ్యూకు (టేబుల్‌లా కనిపించే, డేటాబేస్‌లో దాచిన ప్రశ్న) ఎక్సెల్‌ను ఓడీబీసీ అనే అనుసంధానం ద్వారా కలిపి ఇస్తాను. రిఫ్రెష్ నొక్కితే తాజా లెక్క వస్తుంది, పాత కాపీలు ఈమెయిళ్లలో తిరగవు.

తప్పు వరుసలు కేంద్రానికి వాళ్ల షీటు రూపంలోనే తిరిగి వెళతాయి. చివర ‘కారణం’ అని ఒక కాలమ్ మాత్రం చేరుస్తాను: ‘ఖాతా నంబరు చివరి అంకె పోయింది, పాస్‌బుక్కు చూడండి’, ‘సాయంత్రం పూట వెన్న శాతం రాయలేదు’. వాళ్లు దిద్ది పంపిన షీటు మళ్లీ అదే స్టేజింగ్ టేబుల్ గుండా, అవే పరీక్షలు దాటి రావాలి. ఎరుపు రంగు వేసి ‘వీళ్లు మానేశారు’ అని చెప్పే పద్ధతి ఒక్కటే ఇంకా పూర్తిగా పోలేదు. రంగు సీఎస్‌వీలోకి రాదు కనుక, ‘స్థితి’ అన్న కాలమ్ ఖాళీగా ఉన్న షీటును చదవకుండానే వెనక్కి పంపుతున్నాను.