పాత ఫైబర్ పడవ కొంటున్నారా? కొత్త రంగు చూసి అడ్వాన్సు ఇవ్వకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మన తీరంలో పాత పడవలు ఎక్కువగా చేతులు మారేది ఈ రెండు నెలల్లోనే. తక్కువలో కొనుక్కుని, బాగు చేసుకుని, నిషేధం ఎత్తేసిన రోజే సముద్రంలోకి దిగుదామనుకునే అన్నదమ్ముల కోసం ఇది రాస్తున్నాను. పోయినేడు నేనూ అదే లెక్క వేసుకుని దెబ్బ తిన్నాను.

కాకినాడ వైపు ఒక బ్రోకరు 28 అడుగుల ఫైబర్ పడవ చూపించాడు. నీలం రంగు మెరిసిపోతోంది, అంచుకి పసుపు పట్టీ. "రెండు చోట్ల ప్యాచ్ వేసుకుంటే చాలు తమ్ముడూ, పదేళ్లు చూసుకోక్కర్లేదు" అన్నాడు. 95 వేలకు బేరం కుదిరింది. రిపేరుకి పాతిక వేలు పక్కన పెట్టుకున్నాను. చివరికి ఆ పాతిక 84 వేలయింది. జూన్ 15 నుంచి జులై ఆఖరు దాకా వేట మొత్తం పోయింది.

మొదటి అనుమానం పడవని ఇసుక మీదకి లాగేటప్పుడే రావాల్సింది. మా బావ పడవ ఇదే సైజు. దాన్ని ఎనిమిది మందిమి తోస్తే కదులుతుంది. దీనికి పన్నెండు మంది పట్టినా ఊపిరి ఆగిపోయింది. ఫైబర్ పడవ బరువెక్కిందంటే లోపల ఎక్కడో నీళ్లు తాగిందనే అర్థం. ముందు గది కోయించి చూస్తే, మునగకుండా తేల్చడానికి పెట్టిన ఫోమ్ అంతా నాని ఉంది. చేత్తో పిండితే ఉప్పునీళ్లు కారాయి.

అసలు దెబ్బ వెనక గోడలో ఉంది. ఇంజను బరువంతా మోసేది అదే. పైకి ఫైబర్‌లా కనిపిస్తుంది కానీ లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను అదురుకి బోల్టు రంధ్రాల దగ్గర సీలు విడిపోతుంది, అక్కడి నుంచి నీళ్లు లోపలి చెక్కలోకి దిగుతాయి. మేస్త్రీ లోపలి వైపు నుంచి చిన్న డ్రిల్లు పెట్టాడు. చెక్క బాగుంటే లేత రంగు పొడి రాలాలి. మాకు తడిసిన టీపొడిలా నల్లటి ముద్ద వచ్చింది, దాంతో పాటు కుళ్లు వాసన. గోడ మొత్తం తీసేసి మెరైన్ ప్లై వేయించక తప్పలేదు. కాబట్టి ఇంజను బోల్టుల కింద తుప్పు చార ఉందేమో ముందు చూడండి. గోడని చేత్తో ఊపి చూడండి. అమ్మేవాడు ఒక్క డ్రిల్లు రంధ్రానికి ఒప్పుకోకపోతే, ఆ పడవ వద్దు.

అడుగు భాగం సంగతి ఇంకా బాధ. రంగు గోకితే కింద కారు డెంటింగ్‌కి వాడే పుట్టీ బయటపడింది. అది నీళ్లు పీలుస్తుంది, సముద్రంలో నిలవదు. ఒక పగులు మీదైతే పాత రంగు తీయకుండానే మ్యాట్ (ఫైబర్ గుడ్డ) అంటించారు. గోరు పెట్టి లాగితే అప్పడంలా ఊడి వచ్చింది. డబ్బిచ్చే ముందు చిన్న సుత్తితో అడుగంతా కొట్టి వినండి. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అంటుంది, పొరలు విడిపోయిన చోట డొల్లగా డబ్ డబ్ అంటుంది. ఈ పని చేసి ఉంటే పావుగంటలో నాకు అంతా తెలిసిపోయేది. నేను రంగు చూసి మురిసిపోయాను.

ఇక రెజిన్, అంటే ఫైబర్ గుడ్డని తడిపి గట్టిగా పట్టించే ద్రవం. ఎవరో తక్కువకి ఇస్తున్నారని తెరిచిన డబ్బాలోది తెచ్చాను. మూడు రోజులైనా జిగురు తగ్గలేదు. అదంతా గోకి, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ మొదలుపెట్టాం. పాలియెస్టర్ రెజిన్ ఎండలో నిల్వ ఉంటే పాడైపోతుంది, సీలు ఉన్న డబ్బా మీద తేదీ చూసి కొనండి. కిలో రెజిన్‌కి హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే మందు) 10 నుంచి 20 గ్రాములు, అదీ తూకం వేసి కలపాలి. మే నెల మిట్టమధ్యాహ్నం కలిపితే బ్రష్ ముంచేలోపే గడ్డ కడుతుంది. పొద్దున తడి ఆరాక, ఎండ ముదిరేలోపు చేసుకోవాలి. ప్యాచ్ వేసేచోట రంగు పూర్తిగా తీసి, పగులు చుట్టూ ఫైబర్ మందానికి పన్నెండు రెట్ల దూరం దాకా వాలుగా గ్రైండ్ చేయాలి. అర సెంటీమీటరు మందమైతే 6 సెంటీమీటర్లు అన్నమాట.

ఇది మాత్రం ప్రాణం సంగతి, మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి కూడా చెప్పండి: కోబాల్ట్‌ని (రెజిన్ త్వరగా గట్టిపడటానికి కలిపే మందు), హార్డెనర్‌ని ఒకదాంట్లో ఒకటి నేరుగా పోయకూడదు, మంట లేచి పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ వేయాలి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, అందుకని కళ్లద్దాలు లేకుండా ముట్టనివ్వకండి.

కాగితాల్లో కూడా ఇరుక్కున్నాను. పడవ మీద రాసిన నంబరు ఒకటి, బ్రోకరు చూపించిన రిజిస్ట్రేషన్ కాగితంలో నంబరు ఇంకొకటి. పేరు మూడో మనిషిది. నిషేధం రోజుల భృతికైనా, డీజిల్ రాయితీకైనా రిజిస్ట్రేషనే చూస్తారు. అసలు యజమానిని మత్స్యశాఖ ఆఫీసుకి రప్పించి, మీ పేరుకి మారుతుందని అక్కడ తేల్చుకున్నాకే డబ్బివ్వండి. బ్రోకరు మాట మీద ఆగకండి.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, అదే బ్రోకరు అదే చోట ఇంకో రెండు పడవలకు రంగు వేయించి నిలబెట్టాడు. అవే నీలం, పసుపు రంగులు. మొన్న అటు వెళ్లినప్పుడు దగ్గరికెళ్లి చూశాను. ఒకదాని వెనక గోడ మీద, ఇంజను బోల్టు కింద, ఆ కొత్త రంగు మీదే తుప్పు చార దిగి ఉంది.