కేవలాదేవ్‌లో సైకిల్ మీద ఒక ఉదయం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పక్షుల పార్కుకి వెళ్తే గేటు దగ్గరే సైకిల్ అద్దెకు తీసుకోండి. దారంతా చదును, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా హాయిగా తొక్కింది. కార్ల రొద లేదు కదా, నీళ్లలో బాతు మునిగి లేచిన చప్పుడు కూడా వినిపిస్తుంది.

మేం అక్టోబరులో వెళ్లాం. తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లే. ఒక తల్లి వచ్చి వాలగానే పిల్లలు మెడలు సాచి అరిచాయి, అది చేపల్ని గూట్లోకి కక్కింది. సైకిల్ స్టాండు వేసి అక్కడే ఉండిపోయాను.

పక్కనున్న మట్టిగట్ల మీద ఇంకా ప్రశాంతం, వానపడితే మాత్రం జారుతుంది. పార్కు సుమారు 29 చదరపు కిలోమీటర్లు, రెండు పూటలు పెట్టుకోండి. 2002 తర్వాత సైబీరియా కొంగలు ఇక్కడికి రాలేదు. ఆ నీళ్ల ముందు నిలబడినప్పుడు మనసు చివుక్కుమంది.