దుబాయ్‌లో ఎక్కడ దిగాలి: అమ్మానాయినలతో వెళ్లే పాలమూరు కుటుంబాలకు

పాలమూరు వాళ్లకు దుబాయ్ నిజానికి అంత దూరమేం కాదు. జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే శంషాబాద్ విమానాశ్రయం. హైదరాబాద్ ఊళ్లోకి వెళ్లే పనే లేదు. అక్కడి నుంచి విమానంలో నాలుగు గంటలు. మక్తల్, నారాయణపేట వాళ్లు బొంబాయికి బస్సులో పోయినా ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. అయినా మా వైపు నుంచి ఇంటిల్లిపాదీ బయల్దేరేటప్పుడు టికెట్ ధర, వీసా, బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కే టికెట్, ఈ మూడింటి గురించే పది మందిని అడుగుతారు. ఏ పేటలో దిగాలన్నది మాత్రం ఏజెంట్‌కు వదిలేస్తారు. లేదంటే ఫోన్‌లో చౌకగా కనపడ్డ మొదటి హోటల్ బుక్ చేస్తారు. వీసా కాగితాల్లో హోటల్ బుకింగ్ చూపించాల్సి ఉంటుంది కాబట్టి ఈ పని కూడా హడావుడిగా ముందే అయిపోతుంది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ సేపు ఆలోచించాల్సింది దీని గురించే అని నా గట్టి నమ్మకం.

పగలు ఎటూ తిరుగుడే. అందుకే నేను సాయంత్రం లెక్క చూసుకున్నా. మెట్రో దిగాక నాయిన మోకాళ్ల నొప్పితో గది దాకా నడవగలడా? అమ్మకు రాత్రిపూట అన్నం, పప్పు, చారు దగ్గర్లో దొరుకుతాయా? సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండే మా తమ్ముడు (చిన్నాయన కొడుకు) డ్యూటీ దిగి, స్నానం చేసి, మా దగ్గరికొచ్చి రెండు గంటలు కూర్చొని, మళ్లీ టైముకు క్యాంపు చేరుకోగలడా? వీటికి జవాబు దొరికిన చోటే దిగాలనుకున్నాం.

ఊరి రూపం ఒకసారి మనసులో పెట్టుకుంటే మిగతాది తేలిక. దుబాయ్ సముద్రం ఒడ్డునే పొడుగ్గా సాగిపోయిన నగరం. పాత ఊరి మధ్యలోకి సముద్రపు పాయ ఒకటి చొచ్చుకొస్తుంది, దాన్నే క్రీక్ అంటారు. దానికి ఒక ఒడ్డున దేరా, అవతలి ఒడ్డున బుర్ దుబాయ్. బుర్ దుబాయ్‌ని ఆనుకుని కరామా. కొత్త ఊరంతా షేక్ జాయెద్ రోడ్డు పొంటి అబుదాబి వైపు పోతుంది. బుర్జ్ ఖలీఫా ఆ దారి మొదట్లోనే వస్తుంది, మెరీనా అనే కొత్త పేట చాలా దూరం పోయాక వస్తుంది. 2009 సెప్టెంబర్ 9న మొదలైన మెట్రో రెడ్ లైన్ విమానాశ్రయం నుంచి ఈ పొడుగునా వెళ్తుంది. 2011లో వచ్చిన గ్రీన్ లైన్ పాత ఊళ్లో తిరుగుతుంది. రెండూ కలిసేవి రెండు స్టేషన్లు: దేరా వైపు యూనియన్, బుర్ దుబాయ్ వైపు బుర్జుమాన్. ఈ రెండింటిలో ఒకదానికి నడిచిపోగలిగేంత దగ్గర్లో దిగితే ఊరంతా మీ చేతిలో ఉన్నట్టే.

మొదట దేరాలో దిగాం. విమానాశ్రయానికి దగ్గర, గది అద్దె తక్కువ, గోల్డ్ సూక్, మసాలాల బజారు పక్కనే. బంగారం దుకాణాల ముందు అమ్మ నిలబడిపోయింది. కొనాలని కాదు, ఒక వీధి నిండా అంత బంగారం ఒక్కచోట చూడటమే ఆమెకు పండగ. అల్ రిగ్గా రోడ్డు రాత్రి పొద్దుపోయేదాకా సందడిగా ఉంటుంది, పెద్దవాళ్లను తీసుకుని నడవడానికి భయం అనిపించదు. బనియాస్ స్క్వేర్ దగ్గర తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది.

ఇబ్బందల్లా మేం దిగిన హోటల్‌తోనే. గదులు శుభ్రంగా ఉన్నాయి, పనివాళ్లు మర్యాదగా ఉన్నారు. కానీ కింది అంతస్తులో డాన్స్ బార్ ఉంది. రాత్రి పదకొండు దాటాక డ్రమ్ముల మోత మొదలైంది. మంచం కోళ్లలోంచి ఒళ్లంతా తగిలేది. నాయిన లేచి కూర్చుని, మళ్లీ పడుకుని, మళ్లీ లేచి, తెల్లవారుజామున మూడు దాకా అదే వరస. గది మార్చమంటే అన్నీ నిండిపోయాయన్నారు. దేరాలో, బుర్ దుబాయ్‌లో పాత త్రీ స్టార్ హోటళ్లకు ఇలాంటి బార్లు ఉండటం మామూలే. బుక్ చేసే ముందు కస్టమర్లు రాసిన రివ్యూల్లో 'నాయిస్', 'క్లబ్', 'మ్యూజిక్' అన్న మాటల కోసం వెతకండి. హోటల్‌కు ఫోన్ చేసి, బార్ ఏ అంతస్తులో ఉంది, మా గది ఏ అంతస్తులో ఇస్తారు అని నిలదీసి అడగండి. స్టార్లు ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఈ జవాబు ముఖ్యం.

అక్కడి నుంచి బుర్ దుబాయ్‌కి మారాం. మా ఇంటివాళ్లందరికీ నచ్చిన చోటు ఇదే. బుర్జుమాన్ స్టేషన్‌కు నాయిన నడకలో పది నిమిషాల దూరంలో ఒక హోటల్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అంటే హోటల్‌లా రోజువారీ అద్దెకిస్తారు, కానీ లోపల చిన్న వంటగది, ఫ్రిజ్, బట్టలుతికే మిషన్ ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు మామూలు హోటల్ కంటే ఇదే మేలు అంటాను, అద్దె కొంచెం ఎక్కువైనా సరే. పొద్దున ఐదింటికి లేచే అలవాటున్న అమ్మ, ఎవరినీ లేపకుండా తన చాయ్ తాను పెట్టుకునేది. ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టెలు వేడి చేసి, చింతకాయ తొక్కుతో నాయినకు పెట్టేది. ఆ గదిలో ఆమె చుట్టంలా కాకుండా తన ఇంట్లో ఉన్నట్టే తిరిగింది.

సామాన్ల గురించి ఒక మాట. యూఏఈలోకి గసగసాలు తీసుకుపోవడం నిషేధం. మన మసాలా పొడుల్లో, కూర కారాల్లో గసగసాలు కలపడం అలవాటు కాబట్టి ఇంట్లో కొట్టుకున్న పొడి ఏదైనా డబ్బాలో పెట్టే ముందు అందులో ఏమేం వేశారో ఇంటి ఆడవాళ్లను అడిగి తెలుసుకోండి. నొప్పి మాత్రలు, దగ్గు మందుల్లో కొన్నింటికి అక్కడ ఆంక్షలున్నాయి. డాక్టర్ చీటీ వెంట ఉంచుకుని, ముందే ఆ దేశపు ఆరోగ్య శాఖ జాబితా చూసుకోవడం మంచిది. కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది అసలు మర్చిపోవద్దు.

బుర్ దుబాయ్‌లో మీనా బజార్ చుట్టుపక్కల అంతా మనవాళ్లే. చీరల దుకాణాలు, నగల దుకాణాలు, చాట్ బండార్లు, పూలమాలలు. ఈ ప్రాంతంతో హిందుస్థాన్ వ్యాపారుల బంధం చాలా పాతది. ఒకప్పుడు ఇక్కడ మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ దేశాల కోసం వేరే రూపాయి నోట్లు అచ్చేసింది, 1966 దాకా అవే ఇక్కడి డబ్బు. ఈ సంగతి చెప్తే నాయిన నమ్మలేదు. తమ్ముడు నెలనెలా ఇంటికి పంపే దిర్హమ్‌ల లెక్కలే ఆయనకు తెలుసు మరి.

సాయంత్రం క్రీక్ ఒడ్డున అబ్రా ఎక్కండి. దేరా ఒడ్డుకూ బుర్ దుబాయ్ ఒడ్డుకూ మధ్య తిరిగే చెక్క పడవ అది. మనిషికి ఒక్క దిర్హమ్. పడవ నడుమ పొడుగాటి చెక్క బల్ల ఉంటుంది. దాని మీద జనం వీపుకు వీపు ఆనించి, నీళ్ల వైపు మొహం పెట్టి కూర్చుంటారు. నడిపే మనిషి మధ్యలో గుంటలాంటి చోట ఇంజిన్ పక్కన కూర్చుని కాలితో, చేత్తో నడుపుతూనే నాణేలు తీసుకుంటాడు. ఎక్కేటప్పుడు పడవ ఊగుతుంది కాబట్టి మోకాళ్లు బాగాలేని వాళ్లను ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకోవాలి. ఎక్కి కూర్చున్నాక నాయిన దిగనంటే దిగనన్నాడు. అవతలి ఒడ్డుకు పోయి, అదే పడవలో తిరిగొచ్చాం. వేల రూపాయలు పోసి ఎక్కిన ఎత్తులకంటే ఆ పడవ గురించే ఆయన ఊళ్లో చెప్పుకుంటున్నాడు.

తమ్ముడు రావడానికి కూడా ఈ చోటే కలిసొచ్చింది. సోనాపూర్ అంటే కాగితాల మీద ముహైస్నా, ఊరి చివర, షార్జా సరిహద్దు దగ్గర. అక్కడి నుంచి బస్సులో ఖుసైస్ వైపు మెట్రోకి వచ్చి గ్రీన్ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా బుర్జుమాన్‌లో దిగొచ్చు. "పెదనాయినా, మెరీనాలో దిగుంటే నేను సెలవు రోజు తప్ప రాలేకపోయేవాణ్ణి" అన్నాడు. రెండు సాయంత్రాలు వచ్చి, అమ్మ వండిన పచ్చిపులుసుతో కడుపు నిండా అన్నం తిని వెళ్లాడు. గల్ఫ్‌లో కష్టపడే పిల్లలున్న ఇళ్ల నుంచి వెళ్లేవాళ్లకు నేను చేతులు జోడించి చెప్పేది ఇదే: మీ పిల్లవాడు ఉండే క్యాంపు నుంచి మెట్రో ఏ లైనులో పడుతుందో ముందు వాణ్ణే అడిగి, ఆ లైను మీదే గది చూసుకోండి. వాడికి రానూపోనూ పట్టే ప్రతి అరగంటా వాడి నిద్రలోంచి పోతుంది.

కరామా బుర్ దుబాయ్ కంటే నిమ్మళంగా ఉంటుంది. పెద్ద ఎత్తు లేని పాత బిల్డింగులు, కింద కిరాణా కొట్లు, మలయాళీ హోటళ్లు, శరవణ భవన్ లాంటి శాకాహార హోటళ్లు, ఆంధ్రా భోజనం పెట్టేవీ ఉన్నాయి. చిన్న పిల్లలున్న కుటుంబాలకు బాగుంటుంది. ఏడీసీబీ స్టేషన్ దగ్గరే, కానీ ఏ వీధిలో దిగుతున్నారన్నదాన్ని బట్టి నడక పెరుగుతుంది. మ్యాప్‌లో కనిపించే దూరం చూసి మోసపోవద్దు, రోడ్డు దాటే చోటు ఎక్కడుందో కూడా చూడండి. వెడల్పాటి రోడ్లు, దాటడానికి కేటాయించని చోట దాటితే 400 దిర్హమ్‌లు జరిమానా. నాలుగు వందల మీటర్లని మ్యాప్ చూపించేది ఎండాకాలంలో పెద్దవాళ్లకు చాలా దూరం. మే నుంచి సెప్టెంబర్ దాకా అసలు తీసుకెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మన దగ్గరి ఎండ అలవాటైన వాళ్లు కూడా ఆ ఉక్కకు తట్టుకోలేరు. నవంబర్ నుంచి మార్చి మొదటి వారాల దాకా హాయిగా ఉంటుంది.

మెరీనా అందమైన చోటు. పిల్లల కోరిక మీద చివర్లో ఒక రాత్రి అక్కడున్నాం. సముద్రం, మిరుమిట్లు గొలిపే మేడలు, 2014 నుంచి నడుస్తున్న ట్రామ్, జేబీఆర్ (జుమేరా బీచ్ రెసిడెన్స్) దగ్గర అందరూ పోగలిగే బీచ్. కొత్తగా పెళ్లైన జంటలకు, ఈతకు వెళ్లే కుర్రాళ్లకు సరిగ్గా సరిపోతుంది. గది అద్దె మాత్రం బుర్ దుబాయ్ కంటే రెట్టింపు పైనే. అన్నం కోసం వెతుక్కోవాలి, దొరికినచోట బిల్లు చూసి అమ్మ తినడం తగ్గించేసింది. పాత ఊరు చూడాలంటే మెట్రోలో దగ్గరదగ్గర గంట. పగటిపూట పోయి చూసి రావడానికి మెట్రో ఉంది కదా.

దుబాయ్ అంచున ఉన్న ఇంటర్నేషనల్ సిటీ, పక్క ఊరు షార్జా, ఈ రెండింటికీ నా సమాధానం వద్దనే. ఇంటర్నేషనల్ సిటీలో అద్దెలు తక్కువే, కానీ అక్కడికి ఇంకా మెట్రో లేదు, బస్సో ట్యాక్సీయో పట్టుకోవాలి. షార్జాలోనూ మెట్రో లేదు. పొద్దున, సాయంత్రం దుబాయ్-షార్జా రోడ్డు మీద బండ్లు కదలవు, దుబాయ్ నుంచి ట్యాక్సీలో సరిహద్దు దాటితే 20 దిర్హమ్‌లు అదనం. బంధువులుండి వాళ్లింట్లో దిగితే అది వేరే మాట.

తెలిసినవాళ్లు ఎవరైనా 'బెడ్ స్పేస్' ఇప్పిస్తామంటే కుటుంబంతో అస్సలు పోవద్దు. ఒక ఫ్లాట్‌ను అట్టలతో, చెక్కలతో ముక్కలు చేసి మంచానికింత అని అద్దెకిచ్చే గదులవి. వాటిలో చాలావాటికి అనుమతులు ఉండవు, అధికారులు తనిఖీలు చేస్తే రాత్రికి రాత్రి ఖాళీ చేయాల్సి రావచ్చు. పొట్టకూటి కోసం వెళ్లిన మన కుర్రాళ్లు వేరే దారిలేక అలా ఉంటున్నారు.

ఖర్చుల్లో ఫోన్‌లో చూపించనివి కొన్ని ఉంటాయి. టూరిజం దిర్హమ్ అని గదికి, రాత్రికి ఇంత చొప్పున హోటల్ దగ్గరే కట్టాలి, హోటల్ స్థాయిని బట్టి 7 నుంచి 20 దిర్హమ్‌ల దాకా. చాలాచోట్ల డిపాజిట్ అడుగుతారు. నగదు ఇస్తే రసీదు తీసుకోండి, కార్డు మీద ఆపితే ఆ సొమ్ము తిరిగి కనపడటానికి రోజులు పడుతుంది. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడింటికి. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరే విమానం ఎక్కితే అక్కడికి పొద్దున్నే చేరతాం, పైగా వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక. కాబట్టి పెద్దవాళ్లు లాబీలో కునికిపాట్లు పడకుండా, ముందు రోజు రాత్రి నుంచే గది తీసుకోవడమో, కొంచెం ఎక్కువిచ్చి ముందుగా గది ఇమ్మని రాసి పెట్టుకోవడమో చేయాలి. మేం ముందు రాత్రి నుంచే తీసుకున్నాం, ఆ డబ్బు వృథా అనిపించలేదు.

మెట్రోకు నోల్ కార్డు (డబ్బులు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) కావాలి. అందులో మామూలు రకమైన సిల్వర్ కార్డు మీద దూరాన్ని బట్టి 3, 5, 7.50 దిర్హమ్‌లు పడుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు వేరే డబ్బా ఉంటుంది. రద్దీ వేళ అమ్మను, మా ఆవిడను అందులో ఎక్కించి, ఏ స్టేషన్‌లో దిగాలో ముందే చెప్పి పెట్టేవాణ్ణి. విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు మాత్రం మెట్రో పట్టింపు పెట్టుకోవద్దు. మెట్రోలో మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చిన్నదే తీసుకెళ్లనిస్తారు, అర్ధరాత్రి దాటితే చాలా రోజుల్లో రైళ్లు ఉండవు. మెట్రో స్టేషన్లు టెర్మినల్ 1, 3 దగ్గరే ఉన్నాయి, తక్కువ ధర విమానాలు కొన్ని దిగే టెర్మినల్ 2కి లేదు. ట్యాక్సీ మీటర్ 25 దిర్హమ్‌లతో మొదలవుతుంది, పాత ఊరు ఏ మూలకైనా అక్కడి నుంచి దగ్గరే. తిరిగి వచ్చే రోజు విమానం అర్ధరాత్రి తర్వాత ఉంటే ఆ రాత్రికి కూడా గది ఉంచుకుని, పెద్దవాళ్లను భోంచేయించి, పడుకోబెట్టి, టైముకు లేపి తీసుకెళ్లండి.